డాన్యూబ్ మీద గ్రహణం

ఫోన్ మీద వేలు అటూ ఇటూ జరిపి టికెట్లు కొనుక్కునే మీ తరానికి ట్రావెల్ ఏజెంట్ అంటే ఎవరో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. అమెరికాలో, న్యూజెర్సీ ఎడిసన్‌లో, ఓక్ ట్రీ రోడ్డు మీద, ఒక చీరల కొట్టుకీ ఒక మిఠాయి కొట్టుకీ మధ్య ఇరుక్కున్న ఆఫీసులో నేను ఇరవై ఏళ్ళకు పైగా పనిచేశాను. మొదట్లో పనంతా ఇండియా టికెట్లే. హైదరాబాద్‌కి ఒక సీటు కావాలని ఫోన్ వస్తే, మనిషి పేరు కన్నా ముందు ఎన్ని పెట్టెలు ఒప్పుకుంటారన్న ప్రశ్న వచ్చేది. తర్వాత జనం ఇంటర్నెట్‌లో కొనుక్కోవడం మొదలుపెట్టారు. ఆఫీసు మూతపడుతుందేమో అనుకుంటున్న రోజుల్లో మా ఓనరు, గుజరాతీ ఆయన, ఒక ఉపాయం ఆలోచించాడు. రిటైరైన డాక్టర్లనీ ఇంజనీర్లనీ యూరప్ తీసుకెళ్ళడం, మూడు పూటలా మన భోజనం పెట్టడం. తెలుగు గ్రూపులకి నన్ను టూర్ మేనేజర్‌ని చేశాడు. నాకు యూరప్ తెలుసని కాదు, మనవాళ్ళు తెలుసని.

ఆ పనిలో కొన్నేళ్ళు తిరిగాక ఒక సంగతి గమనించాను. మేం చూసిన రాజధానులన్నీ పగటి రాజధానులే. సాయంత్రం ఏడయ్యేసరికి ఎక్కడో ఒక పంజాబీ హోటల్లో పప్పూ అన్నం, తొమ్మిదికల్లా గదుల్లో నిద్ర. మన భోజనాల వేళ యూరప్ రాత్రిళ్ళని అలా మింగేసేది. పారిస్‌లో రాత్రిళ్ళు ఎలా ఉంటుందమ్మా అని మా అమ్మాయి అడిగితే, హోటల్ తివాచీ ఏ రంగో చెప్పాను. అంతకుమించి నాకు తెలియదు.

అందుకే 2011 జూన్‌లో బుడాపెస్ట్ టూరుకి నేను పట్టుబట్టాను. ఈసారి ఒక్క రాత్రయినా బయట గడపాలి. డాన్యూబ్ నది మీద దీపాల పడవ, అందులోనే శాకాహార భోజనం, పైన పున్నమి వెన్నెల. ఓనరు తల అడ్డంగా ఊపాడు. పెద్దవాళ్ళు, చలి, అజీర్తి అని ఏవేవో చెప్పాడు. నేను వినలేదు. మన గ్రూపులకి తేదీలు ఖాయం చేసేముందు ఎప్పుడూ చేసే పనే చేశాను. గుడివాళ్ళ కేలండర్ గోడ మీంచి తీసి, ఏకాదశి ఎప్పుడొస్తుందో, శనివారాలు ఎన్నో చూసుకున్నాను. శనివారం ఉల్లిపాయ ముట్టనివాళ్ళు గ్రూపులో సగం మంది ఉంటారు మరి. కేలండర్‌లో పౌర్ణమి నాడు పౌర్ణమి అని తప్ప ఇంకేం లేదు. హాయిగా బుక్ చేశాను.

ఆ గ్రూపులో ఒక తల్లీ కూతురూ ఉన్నారు. తల్లి మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉంటారు. కాన్పుల డాక్టరుగా చేసి రిటైరయ్యారు. కృష్ణా జిల్లా మనిషి, గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. ఆవిడ బస్సెక్కితే డ్రైవరుకి కూడా తెలిసిపోయేది. అందరూ డాక్టర్ గారూ అనేవాళ్ళం. కూతురు అరిజోనాలో, చాండ్లర్‌లో చిప్ కంపెనీలో ఇంజనీరు. అమెరికాలో పుట్టి పెరిగిన పిల్ల. భర్తకి సెలవు దొరకలేదు, నాన్నగారికి ప్రయాణాలు పడవు. అందుకని తల్లీ కూతుళ్ళిద్దరే వచ్చారు. సన్నగా, నెమ్మదిగా ఉండేది ఆ అమ్మాయి. వాళ్ళమ్మ మాట్లాడుతుంటే కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వుకునేది.

ఆ రోజు పొద్దున కొండ మీద కోట చూశాం. బుడాపెస్ట్ నిజానికి రెండు ఊళ్ళు, నదికి అటొకటి, ఇటొకటి. బుడా వైపు కొండ, పెస్ట్ వైపు మైదానం. కొండ మీద తెల్లటి బురుజుల వరండా ఒకటుంది. అక్కడ నిలబడితే కింద నది, దాని మీద వరసగా వంతెనలు, ఆవలి ఒడ్డున పార్లమెంటు భవనం, పల్చటి ఎండలో అన్నీ కొంచెం తేలుతున్నట్టు కనిపించాయి. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. మా డాక్టర్ గారు కూడా. గైడు, ఆ ఊరి ఆవిడే, రాజుల కథలు చెబుతోంది కానీ ఎవరికీ చెవికెక్కడం లేదు. ఎక్కడో ఒకతను వయొలిన్ వాయిస్తున్నాడు. మా గ్రూపులో ఎడిసన్ నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు, మందుల కంపెనీలో కెమిస్టుగా చేసి రిటైరైనవారు, కళ్ళు మూసుకుని గోడకానుకుని, "కాసేపు నన్ను ఇక్కడే వదిలేయండమ్మా, సాయంత్రం వచ్చి తీసుకెళ్ళండి" అన్నారు. నిజంగానే అన్నారేమో అనిపించింది.

మధ్యాహ్నం వేడినీటి స్నానాల చోటికి వెళ్ళాం. పార్కు మధ్యలో పసుపుపచ్చ మేడలాంటి భవనం, లోపల ఆకాశం కింద పెద్ద కొలను. భూమిలోంచి వచ్చే వేడి నీళ్ళు. ఆవిర్లలో పీకల్లోతు మునిగి ముసలాళ్ళు చదరంగం ఆడుకుంటున్నారు. మన ఆడవాళ్ళు చాలామంది చీరలు కాస్త ఎత్తి పట్టుకుని, గట్టున కూర్చుని పాదాలు ముంచారు. డాక్టర్ గారు మాత్రం నల్ల ఈతదుస్తులు వేసుకుని దిగి, చదరంగం ఆడేవాళ్ళ పక్కకి ఈదుకుంటూ వెళ్ళి, ఎత్తులు చెప్పడం మొదలుపెట్టారు.

కూతురు దిగలేదు. రెండు రోజులుగా బస్సులో ఈ స్నానాల గురించి అందరికీ చెప్పి ఊరించింది తనే. ఇప్పుడు బట్టలు మార్చుకునే గదుల దగ్గర బల్ల మీద ఊరికే కూర్చుంది. ఒంట్లో బాగాలేదేమోనని దగ్గరికి వెళ్ళాను.

"ఆంటీ, మమ్మీకి చెప్పొద్దు ప్లీజ్. నేను ప్రెగ్నెంట్. నైన్ వీక్స్. హాట్ వాటర్‌లో దిగొద్దు అన్నారు. మర్చిపోయి స్విమ్ సూట్ కూడా తెచ్చుకున్నాను."

నా మొహం విచ్చుకుని ఉంటుంది. ఆ పిల్ల చెయ్యెత్తి ఆపింది.

"నాట్ యెట్, ఆంటీ. ఇంతకుముందు రెండు సార్లు పోయింది. ఫస్ట్ టైమ్ మమ్మీకి వెంటనే చెప్పాను. షి టోల్డ్ ఎవ్రీబడీ. తర్వాత వాళ్ళందరికీ మళ్ళీ కాల్ చేసి, లేదు, పోయింది అని చెప్పింది. ఒక్కొక్కళ్ళకి. పక్క రూమ్‌లోంచి అన్నీ విన్నాను. సెకండ్ టైమ్ ఎవరికీ చెప్పలేదు తను. కానీ గరాజ్‌లో కార్‌లో కూర్చుని ఏడ్చింది, నాకు వినపడకూడదని."

 పక్కన కూర్చున్నాను.

"ఎందుకు పోయిందో డాక్టర్స్‌కి తెలీదు. మమ్మీకీ తెలీదు. తనకి తెలీకపోవడం ఉంది చూశారా, అదే తనకి ఎక్కువ బాధ. ఈసారి ట్వెల్వ్ వీక్స్ దాటాకే చెప్తాను. లేదంటే చెప్పనే చెప్పను."

వాళ్ళమ్మ నీళ్ళలోంచి కేకేస్తున్నారు. నేనే వెళ్ళి, అమ్మాయికి ఆఫీసు నుంచి ఫోనొచ్చిందండీ అని అబద్ధమాడాను. "సెలవులో కూడా వదలరా వాళ్ళు" అని ఆవిడ చదరంగం వైపు తిరిగారు. ఊళ్ళో వాళ్ళ కడుపులన్నీ మొహం చూసి చెప్పగల మనిషి, సొంత కూతురి మొహం గుర్తుపట్టలేకపోయారే అనుకున్నాను. ఆ పిల్ల దాచడంలో అంత ఆరితేరిందన్నమాట.

స్నానాలయ్యాక బయట పార్కులో చెట్ల కింద బస్సు కోసం నిలబడ్డాం. కెమిస్టు గారి ఫోను మోగింది. విజయవాడ నుంచి వాళ్ళ తమ్ముడు. కాసేపు విని, ఫోను జేబులో పెట్టుకుని, నా దగ్గరికి వచ్చారు.

"అమ్మా, ఇవాళ చంద్రగ్రహణమట. సంపూర్ణ గ్రహణం. మీ కేలండర్‌లో లేదా?"

"లేదండీ. పౌర్ణమనే ఉంది."

"ఎక్కడి కేలండర్?"

"మన గుడిదే. న్యూజెర్సీది."

ఆయన జాలిగా నవ్వారు. "న్యూజెర్సీలో కనపడదు కాబట్టి న్యూజెర్సీ వాళ్ళు వెయ్యలేదమ్మా. ఇక్కడ కనపడుతుంది. చంద్రుడు లేవడమే గ్రహణంతో లేస్తాడు. మీ పడవ బయల్దేరేసరికి పూర్తిగా పట్టేసి ఉంటుంది."

 ఏళ్ళ తర్వాత ఒక్క రాత్రి కోసం ఓనరుతో పోట్లాడి, ఏరికోరి గ్రహణం రాత్రి భోజనం పెట్టించాను. ఎడిసన్‌లో తిథి చూసి బుడాపెస్ట్‌లో పడవెక్కిన తెలివి నాది. ఈ తప్పు మనవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేరు.

వార్త క్షణంలో పాకింది. హోటల్ గదుల్లో పెరుగు ఉంది, ఆవకాయ సీసాలున్నాయి, వాటి మీద దర్భ వెయ్యాలి. బుడాపెస్ట్‌లో దర్భ ఎక్కడ దొరుకుతుంది? "గడ్డి గడ్డే కదా" అని ఒకావిడ వంగి పార్కులో గడ్డి పీకింది. ఆవిడని చూసి ఇంకో నలుగురు వంగారు. మా గైడు నన్ను చూసింది. వీళ్ళకి మొక్కలంటే ఇష్టం అని చెప్పాను. ఇంకేం చెబుతాను?

బస్సులో పెద్ద చర్చ. ఈపాటికే తినడం నిషిద్ధమని ఒకరు, ముసలివాళ్ళకీ జబ్బు మనుషులకీ పట్టింపు లేదని ఇంకొకరు. షుగరున్నవాళ్ళు తినొచ్చని కెమిస్టు గారు తీర్పిచ్చారు. అంతే, బస్సులో అందరికీ షుగరుంది. సరే, చీకటి పడకముందే పంజాబీ హోటల్లో తినేద్దాం, పడవలో భోజనం వద్దని చెప్పేద్దాం అని తేల్చాను. పడవ ఎక్కేవాళ్ళు ఎక్కొచ్చు, వద్దనుకున్నవాళ్ళు గదుల్లో ఉండొచ్చు.

ఇంతలో గడ్డి పీకిన ఆవిడే వెనక సీట్లోంచి అడిగింది. "మనలో కడుపుతో ఉన్నవాళ్ళు ఎవరూ లేరుగా? వాళ్ళు చూస్తే పిల్లలు గ్రహణం మొర్రితో పుడతారంటారు, పెదవి చీలి."

బస్సంతా నవ్వింది. ఆ అమ్మాయీ నేనూ తప్ప అందరూ అరవై దాటినవాళ్ళే కదా. డాక్టర్ గారు అందరికన్నా గట్టిగా నవ్వారు.

"ముప్పై ఏళ్ళు కాన్పులు చేశానండీ మిషిగన్‌లో. గ్రహణం లేదు, గాడిదగుడ్డూ లేదు. పెదవి చీలి పుట్టిన పిల్లల్ని చూశాను, వాళ్ళ తల్లులందరూ అమెరికన్లే. వాళ్ళకి గ్రహణం ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు వెళ్ళిందో కూడా తెలీదు. మన పేషెంట్లు ఫోన్ చేసి అడిగితే, బయటికెళ్ళి చంద్రుణ్ణి బాగా చూడండి, ఏం కాదు అనేదాన్ని. ఏమే, మనం పడవెక్కుతున్నాం కదా?"

"అఫ్‌కోర్స్, మమ్మీ" అంది కూతురు. ఆ పిల్ల కూడా నవ్వింది. ఒక్క క్షణం నా వైపు చూసి, చూపు తిప్పేసుకుంది.

సగం మంది గదులకి వెళ్ళారు. మిగతావాళ్ళం పడవ ఎక్కాం. ఆశ్చర్యమేమిటంటే కెమిస్టు గారు కూడా వచ్చారు. గ్రహణ సమయంలో నది దగ్గర జపం చేస్తే ఎన్నో రెట్లు పుణ్యమట. డాన్యూబ్ అయితే ఏం, నది నదేగా అన్నారు. పడవలో కింది అంతస్తులో అద్దాల గది ఉంది. ఆయన అందులో ఓ మూల బెంచీ చూసుకుని, జేబులోంచి పూసల దండ తీశారు. నెత్తి మీద పై అంతస్తులో మాతో పాటు ఎక్కిన కుర్రకారు పాటలు పెట్టుకుని చిందులేస్తున్నారు. ఆయన పెదాలు కదులుతున్నాయి, పాట తాళానికి బెంచీ అదురుతోంది.

జూన్‌లో అక్కడ పొద్దు త్వరగా పోదు. ఆకాశం చాలాసేపు నీలంగానే ఉండి, ఎప్పుడు మారిందో తెలియకుండా చీకటైంది. ఒడ్డున ఒక్కో దీపం, ఒక్కో కిటికీ వెలిగాయి. పొద్దున మేం నిలబడిన బురుజులు ఇప్పుడు లోపల దీపం పెట్టినట్టు మెరుస్తున్నాయి. పార్లమెంటు భవనం మొత్తం బంగారు రంగులో నీళ్ళలో తలకిందులుగా ఊగుతోంది. పడవ ఆ నీడ మీంచి పోతుంటే అది చెదిరి, మళ్ళీ వెనకాల కలుసుకునేది. గట్టు మీద జంటలు కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని మాకు చేతులూపారు. ఎవరివో నవ్వులు నీళ్ళ మీంచి తేలి వచ్చేవి. మనుషులు ఇలా కూడా రాత్రిళ్ళు గడుపుతారా అనిపించింది. నిద్రలో నడుస్తున్నట్టుంది నాకు, మేలుకోవాలని లేదు.

చంద్రుడు మాత్రం లేడు. పున్నమి రాత్రి అమావాస్యలా ఉంది. అందరూ పై అంతస్తు కమ్మీల దగ్గర నిలబడి వెతుకుతున్నారు. పడవ దక్షిణంగా తిరిగి వంతెన కింద నుంచి బయటికి వచ్చాక, మా డాక్టర్ గారే ముందు చూశారు. ఇళ్ళ కప్పుల మీద, చాలా కిందగా, ఆరిపోతున్న బొగ్గులా ఎర్రటి ముద్ద. వెలుగు లేదు. గుండ్రంగా ఉంది కాబట్టి చంద్రుడనుకోవాలి. పాటలు ఆపకపోయినా కుర్రాళ్ళు కూడా చిందులు మానేసి చూస్తున్నారు.

"రావే, చూడు. ఇంత ఎర్రగా నేనెప్పుడూ చూళ్ళేదు" అని కూతుర్ని పిలిచారు ఆవిడ.

ఆ అమ్మాయి మెట్ల దగ్గర, నదికి వీపు పెట్టి కూర్చుని ఉంది. "ఐయామ్ ఫైన్ హియర్, మమ్మీ."

"ఫైన్ ఏమిటే? మళ్ళీ ఎప్పుడు చూస్తావు ఇలాంటిది? లే, లే." వచ్చి చెయ్యి పట్టుకుని లాగారు. ఆ పిల్ల లేచింది. రెండడుగులు వేసింది. కానీ తల ఎత్తలేదు. కళ్ళు పడవ చెక్కల మీదే ఉన్నాయి. వాళ్ళమ్మ గడ్డం పట్టుకుని మొహం పైకెత్తబోతే కళ్ళు గట్టిగా మూసుకుంది.

"మమ్మీ, నేను చూడను."

నేను అక్కడే, చేయి చాపితే అందేంత దూరంలో ఉన్నాను. ఏదో ఒకటి చెప్పి ఆపుదామనుకున్నాను, అమ్మాయికి కళ్ళు తిరుగుతున్నాయనో ఏదో. అప్పటికే ఆలస్యమైంది.

డాక్టర్ గారి చెయ్యి గడ్డం మీదే ఆగిపోయింది. ఆవిడ కూతురి మొహంలోకి చూస్తూ నిలబడ్డారు. మొదట విసుగు, తర్వాత అనుమానం, ఆ తర్వాత ఇంకేదో. మధ్యాహ్నం వేడి నీళ్ళలో దిగకపోవడం, ఆఫీసు ఫోను, అన్నీ ఒకటొకటిగా ఆవిడ కళ్ళ ముందు కదలడం నాకు తెలుస్తోంది.  భుజం మీది శాలువా తీసి, కూతురి తల మీదుగా మొహం కనపడకుండా కప్పారు. రెండు భుజాలూ పట్టుకుని, చంద్రుడికి వీపు వచ్చేటట్టు తిప్పారు. తను అడ్డంగా నిలబడి, ఆ పిల్లని అలాగే నడిపించుకుంటూ మెట్లు దిగారు. చంద్రుణ్ణి బాగా చూడండి, ఏం కాదు అని ఎంతమందికో చెప్పిన మనిషి. 

నేను వెనకే దిగాను. కింద గదిలో కెమిస్టు గారు కళ్ళు తెరిచి, శాలువా కప్పుకున్న అమ్మాయిని చూసి, తల్లిని చూసి, లేచి గోడ పక్కనున్న తన చోటు ఇచ్చేశారు. దూరంగా వెళ్ళి కూర్చుని మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. నేను కిటికీల తెరలు ఒక్కొక్కటీ లాగేశాను. గైడు వచ్చి, అంత అందమైన ఊరు బయట ఉంటే తెరలెందుకు వేస్తున్నారని అడిగింది. ఆ అమ్మాయికి చలిగా ఉందన్నాను. ఆ రోజుకి అది నా మూడో అబద్ధం.

డాక్టర్ గారు కూతురి పక్కన కూర్చుని అడిగారు. "ఎన్నో వారం?"

"నైన్."

"ఏ డాక్టరు చూస్తున్నారు అక్కడ?"

కూతురు ఏదో పేరు చెప్పింది. ఆవిడ తలూపారు.

"మమ్మీ, యు డోంట్ బిలీవ్ దిస్ స్టఫ్."

"నమ్మను. నువ్వు నమ్ముతావా?"

"నో."

"మరెందుకు చూడలేదు?"

కూతురు శాలువా అంచు వేలికి చుట్టుకుంది. "ఇఫ్ సంథింగ్ హ్యాపెన్స్, అప్పుడు నేను ఇదే అనుకుంటాను కదా. ఎవ్రీ నైట్. అందుకే."

"నేనూ అందుకేనే" అన్నారు ఆవిడ. పెద్ద గొంతు కదా, ఆ మాట మాత్రం నాకు సరిగ్గా వినపడలేదు. పెదాల కదలిక చూసి అర్థం చేసుకున్నాను.

ఇంకాసేపటికి కూతురు మళ్ళీ అంది. "మమ్మీ, ముక్కు దురదగా ఉంది. గోక్కోవచ్చా?"

"వద్దు. గోక్కుంటే పిల్లకి అక్కడ మచ్చ పడుతుందట."

"సీరియస్‌గా?"

"మా అమ్మమ్మ అనేది. ఊరుకో కాసేపు." అని శాలువా లోపలికి చెయ్యి పోనిచ్చి ఆవిడే మెత్తగా రుద్దారు. ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతూనే తల్లి ఏడ్చారు. ఈసారి గరాజ్‌లోకి వెళ్ళలేదు.

పడవ ఒడ్డుకి చేరింది. డాక్టర్ గారు దిగనంటే దిగనన్నారు. గ్రహణం పూర్తిగా విడవాలి. మా బస్సు డ్రైవరుకి పని గంటలు అయిపోయాయి. అక్కడ రూలు రూలే, గంటలైపోతే బస్సు కదలదు. అందరినీ ఎక్కించి పంపేశాను. పడవవాళ్ళు గ్లాసులు కడుక్కుంటూ, బల్లలు తుడుచుకుంటూ, మమ్మల్ని పొమ్మనలేక పనులు నిదానంగా చేశారు. కెమిస్టు గారు కూడా మాతోనే ఉండిపోయారు. విడుపు చూసి చెప్పడానికి ఎవరో ఒకరుండాలిగా అన్నారు. మధ్యమధ్యలో పైకెళ్ళి చూసి వస్తున్నారు. కొంచెం వదిలింది, సగం వదిలింది, ఇంకొంచెం ఉంది. ఆఖరికి మెట్ల మీంచే, "విడిచింది, తల్లీ. రా, ఇప్పుడు చూడు" అన్నారు.

నలుగురం నడుచుకుంటూ హోటల్‌కి బయల్దేరాం. వంతెన మీద ఆ అమ్మాయి శాలువా తీసి తలెత్తింది. కడిగి ఆరబెట్టినట్టు తెల్లటి చంద్రుడు. నది పొడుగునా వెన్నెల. వంతెన చివర రాతి సింహాల దగ్గర ఎవరో అకార్డియన్ వాయిస్తున్నారు. కాఫీ హోటళ్ళ ముందు వీధిలోనే కుర్చీలు, అంత రాత్రప్పుడు చంటిపిల్లల్ని భుజాన వేసుకుని కబుర్లు చెప్పుకునే తల్లిదండ్రులు. ఒక పాత శిథిలమైన మేడలో రంగురంగుల దీపాలు కట్టి, దాన్నే పానశాల చేశారు. లోపల్నుంచి పాట. కెమిస్టు గారు ఆ గుమ్మం ముందు ఆగి తొంగిచూసి, "బాగుందే" అన్నారు. స్నానం చెయ్యలేదు కాబట్టి లోపలికి రానన్నారు. స్నానం చేసి ఉంటే వచ్చేవారని నా నమ్మకం. తల్లీ కూతురూ మా ముందు చేతులు పట్టుకుని నడుస్తున్నారు. ఎవరూ తొందరపడలేదు. హోటల్ ఇంకా దూరం ఉంటే బాగుండుననిపించింది. నా ఉద్యోగంలో నేను చూసిన ఒకే ఒక్క యూరప్ రాత్రి అది.

అమెరికా తిరిగొచ్చాక నేను వాళ్ళకి ఫోన్ చెయ్యలేదు. ఎలా అడుగుతాను? బాగున్నారా అన్న మాట కూడా ఆ ఇంట్లో ఏ సమయంలో పడుతుందో తెలియదు. వేసవి పోయింది, దసరా పోయింది, థాంక్స్‌గివింగ్ పోయింది. ఫోన్ రాకపోతే మంచి కబురే అనుకునేదాన్ని ఒక్కోసారి, మంచి కబురైతే ఆవిడ ఊరుకుంటారా అనుకునేదాన్ని ఇంకోసారి. తర్వాత గుర్తొచ్చేది, ఈసారి ఆవిడ ఊరంతా చెప్పరు.

జనవరిలో ఒక పొద్దున, ఓక్ ట్రీ రోడ్డంతా మంచు, ఆఫీసులో నేనొక్కదాన్నే ఉన్నాను. ఫోను.

"ఏమ్మా, నేను, మిషిగన్ నుంచి. డెట్రాయిట్ నుంచి ఫీనిక్స్‌కి ఒక టికెట్ కావాలి. ఇవాళ ఏదుంటే అది. కంప్యూటర్‌లో నేనే కొందామనుకుంటే చేతులు నిలవట్లేదు."

 ఏ కబురో గొంతు బట్టి తెలియలేదు. తెర మీద విమానాలు వెతకడం మొదలుపెట్టాను.

"రాత్రి పుట్టింది. ఆడపిల్ల. రెండు వారాలు ముందే తోసుకొచ్చింది" అన్నారు.

నేను కుర్చీలో వెనక్కి వాలిపోయాను. "చల్లని కబురు చెప్పారు, డాక్టర్ గారూ. ఇద్దరూ బాగున్నారా?"



"అల్లుడు ఫోన్ చేశాడమ్మా. నేనేం అడిగానో తెలుసా? బరువెంత అనలేదు, ఏడ్చిందా అనలేదు, తల్లెలా ఉంది అని కూడా అనలేదు. ముప్పై ఏళ్ళు ఈ పనే చేసినదాన్ని. పెదవి చూడు బాబూ, పై పెదవి సరిగ్గా ఉందా అన్నాను. పాపం, కుర్రాడు హడలిపోయాడు."

"సరిగ్గా ఉందా?"

"ఉంది. నా పోలికేనట."

మధ్యాహ్నం విమానంలో కిటికీ పక్క సీటు దొరికింది. తిరుగు ప్రయాణం ఎప్పటికి వెయ్యమంటారని అడిగితే, ఇప్పుడే ఆ మాటెత్తొద్దన్నారు. ఒక వైపుకే బుక్ చేశాను.